తాత తాడు కోసిండు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు నలభై దాటాక కూర్చుని చూసుకుంటే, అప్పుడు తెలుసనుకున్నవాటిలో సగం ఎవరో చెబితే విన్నవి, మిగతా సగం ఎవరూ చెప్పనివి. వనపర్తిలో మూడేళ్లు ఉండి సివిల్ డిప్లొమా చదివాను. చదివాను అంటే పూర్తయిందని కాదు. రెండు సబ్జెక్టులు తప్పి, వాటిని మళ్లీ రాస్తానని ఇంట్లో చెప్పి, రాయకుండా ఊళ్లో తిరుగుతున్నానని అర్థం. (ఆ రెండింటిలో ఒకటి నీళ్లకు సంబంధించిన సబ్జెక్టు. ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద.) ఊళ్లోవాళ్లకు ఇన్ని తేడాలు పట్టవు కాబట్టి నన్ను ఇంజినీరు అనేవారు. కొందరు గౌరవంగా అనేవారు, కొందరు నవ్వుతూ అనేవారు. నేను మాత్రం ఇద్దరి ముందూ ఒకేలా తల ఊపేవాణ్ని.

మాది గద్వాల వైపు, కృష్ణ ఒడ్డున చిన్న ఊరు. ఆ ఏడు నది ఎన్నడూ రానంత పైకి వచ్చింది. జనం ముందే గుట్ట మీదకు చేరడంతో ప్రాణాలు దక్కాయి గాని, మట్టిమిద్దెలు మాత్రం ముక్కలు కూడా మిగలకుండా కరిగిపోయాయి. నీళ్లు తగ్గాక వెళ్లి చూస్తే ప్రతి ఇంటి చోటా ఒక మట్టికుప్ప, ఆ కుప్ప కింద కూరుకుపోయిన దూలాలు. మీద పడిన మట్టి బరువుకే అవి కొట్టుకుపోకుండా ఆగాయి. మాకు మిగిలిన ఆస్తి అదే. నది వెంట కిందికి రెండు కోసుల దూరంలో, మెరక మీద అందరికీ ఇళ్ల స్థలాలు చూపించారు. దానికి ఇంకా పేరు లేదు, కొత్తూరు అనేవాళ్లం. అక్కడ నీడనిచ్చే చెట్టు కూడా లేదు, గరుసు నేల. పాత దూలాలు తీసుకెళ్లి వేసుకుంటే తప్ప తల మీద కప్పు రాదు. దారిలో వాగు మీది కల్వర్టు వరదకు పోయింది. ట్రాక్టరు వెళ్లాలంటే ఊళ్లన్నీ చుట్టి రావాలి, ఆ ట్రాక్టర్లయినా దొరికితే కదా. అప్పుడే ఎవరో అన్నారు, నది ఉంది కదా, తెప్ప కట్టి వదిలితే అదే తీసుకుపోతుందని.

తెప్ప అనగానే అందరూ ఒకరి వైపే చూశారు. ఆయనకు ఓటరు కార్డు మీద ఏదో పేరు ఉండే ఉంటుంది, మాకు మాత్రం పుట్టి తాత. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లి బయట తారు పూసిన గుండ్రటి పడవ. ఆయన యాభై ఏళ్లుగా ఆ పుట్టిలో జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరవేశాడు. అన్ని రోడ్లూ పడ్డాక ఎవరూ ఎక్కేవాళ్లు లేక ఊరికే కూర్చుని ఉన్నాడు. వరద పుణ్యమా అని మళ్లీ పని వచ్చింది. నెల తిరక్కుండా ఎనిమిది ఇళ్ల కట్టె దింపాడు. దూలాలను పక్కపక్కన పేర్చి, పైన వెదురు గడలు అడ్డంగా వేసి తాళ్లతో బిగించేవాడు. వెనక నిలబడి పొడుగాటి గడతో తోస్తూ, మధ్యాహ్నం కల్లా కొత్తూరి రేవులో దించేవాడు. ముందు గడ పట్టడానికి ఎవరో ఒకరు వెళ్లేవారు. తొమ్మిదో తెప్పకు నేను వెళతానన్నాను. అందులో మా ఇంటి దూలాలున్నాయి, పక్కింటి కోడేరు పెద్దమ్మ దూలం ఉంది.

పెద్దమ్మ గురించి చెప్పాలి. ఆమె మాకు చుట్టం కాదు. కోడేరు నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి కోడేరు పెద్దమ్మ. పిల్లలు లేరు, పెద్దనాయన పోయి చాలా ఏళ్లయింది. వరదలో ఆమెకు మిగిలింది ఒక్క దూలం. దాన్ని కొత్త కాపురంలో పెద్దనాయన లింగాల అడవుల వైపు నుంచి ఎడ్లబండి మీద తెచ్చాడట. వరద పోయిన వారానికే కోడేరు నుంచి ఆమె అన్న వచ్చి, "ఒక్కదానివి ఈడ ఏం జేస్తవు, నడువు" అన్నాడు. ఆమె కదల్లేదు. "అన్న ఇంట్ల కూడు తప్పుగాదు బిడ్డా. కాని పొద్దున లేచి ఎవరి తలుపు తీయాలె నేను?" అని మా అమ్మతో అన్నది. చివరికి అన్నాచెల్లెళ్లు ఒక మాటకు వచ్చారు. మిద్దె కప్పుకుంటే ఉంటుంది, కప్పలేకపోతే ఎండలు ముదిరేలోగా కోడేరుకు పోతుంది. పెద్దమ్మ కొత్తూరిలో నాలుగు గోడలు లేపించింది. దూలం కూర్చోవడానికి ఎదురెదురు గోడల్లో రెండు గూళ్లు వదిలించింది. ఇక కావలసింది దూలమొక్కటే.

ఆ దూలం నారేపి కట్టె. మా వైపు పాతకాలం వాళ్లకు నారేపి తెలుసు. దాని బెరడు నారతో తాళ్లు పేనేవాళ్లు, దాని చేవను కొడితే గొడ్డలి మొద్దుబారేది. తెప్ప కట్టే రోజు పొద్దున తాత మా టేకు దూలాలనూ వేప దూలాలనూ నీళ్లలో దించాడు. నారేపి దూలాన్ని మాత్రం దించనివ్వలేదు. "ఇది పైకెక్కాలె. నడుమల, నిలువుగ. కింద కట్టెలు దీన్ని మోస్తయి" అన్నాడు.

నాకు ఆయన చెప్పింది తలకెక్కలేదు. కింద చేర్చి కడితే తెప్ప వెడల్పవుతుంది, నిలకడ పెరుగుతుంది. ఇవన్నీ నోట్సులో రాసుకున్నవాణ్ని. "అది గూడ కట్టెనే గద తాతా. నీళ్లల్ల ఎయ్యి, తేలుతది" అన్నాను.

"కట్టెలన్ని ఒకటి గావు ఇంజినీరు సాబ్. టేకు తేలుతది, యాప తేలుతది. ఇది రాయికి చుట్టం. ఇది తేలది."

"కట్టె తేలుతది, రాయి మునుగుతది. ఆరో తరగతిలనే చెప్తరు."

"నేను ఆరో తరగతి దాక పోలె నాయినా. ఈ దూలాన్ని లింగాల నుంచి తెచ్చినప్పుడు నది దాటించింది మాత్రం నేనే. రెండు పుట్లు జోడుగట్టి నడుమ ఎక్కిచ్చిన. పుట్లు అంచుల దాక దిగినయి. ఈమె మొగడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాక కండ్లు మూసుకొని దండం పెట్టుకుంటనే ఉండె."

"అప్పుడది పచ్చికట్టె. ఇప్పుడు ఎండి తేలికైంది."

"ఎండింది. ఇంగింత గట్టిపడ్డది" అన్నాడు తాత, నా వైపు చూడకుండానే.

గట్టు మీద కూర్చున్న పెద్దమ్మ నవ్వింది. "మీరిద్దరు కొట్లాడుకుంటె కొట్లాడుకోండ్రి. నా దూలం ఒడ్డెక్కితే చాలు." అని, మా అమ్మావాళ్లతో కలిసి అడ్డదారిన కొత్తూరికి నడిచి వెళ్లిపోయింది. ఆమె చేతి సంచిలో పసుపు పొట్లం, కొత్త రవికె గుడ్డ, కొబ్బరికాయ ఉన్నాయి. దూలం ఎత్తే ముందు పసుపు రాసి గుడ్డ కట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఆ సాయంత్రమే ఎత్తించాలని ఆమె తాపత్రయం.

దూలం పైకే ఎక్కింది. తాత దాన్ని ముందొక తాడుతో, వెనకొక తాడుతో బిగించాడు. బయలుదేరే ముందు నా చేతికి గడ ఇచ్చి, "ముంగట నిలబడి బండ కనపడితే చెప్పు, చాలు. నడుపుడు నా పని. తెప్పల ఏమైనా ఎనక గడ పట్టినోని మీదనే పడ్తది, అందుకే అది నీకియ్య" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఈత వస్తదా?" అని అడిగాడు. "ఎందుకు రాదు" అన్నాను. (రాదు. నది ఒడ్డున పుట్టినవాడికి ఈత రాదంటే ఊరు నవ్వుతుందని చిన్నప్పటి నుంచీ స్నానం గట్టు దగ్గర మోకాలి లోతులో చేతులాడిస్తూ నెట్టుకొచ్చాను.)

మొదటి గంట హాయిగా గడిచింది. ఎండ మెత్తగా ఉంది, నీళ్లు తేటపడ్డాయి, ఒడ్డున కొంగలు మమ్మల్ని పట్టించుకోవడం లేదు. నేను ముందు నిలబడి ఊరికే "బండ! బండ!" అంటున్నాను, తాత ప్రతిసారీ "చూసిన" అంటున్నాడు. ఆయన నాకన్నా ముందే చూస్తున్నాడని అర్థమయ్యేసరికి నా పని ఏమీ లేదని కూడా అర్థమైంది. పని లేని మనిషి చూపు ఎటు పోతుంది? కాళ్ల ముందున్న దూలం మీద పడింది. పొద్దున గట్టు మీద ఆడవాళ్ల ముందు ఓడిపోయిన వాదన మళ్లీ లోపల మొదలైంది. నీళ్లు నిదానంగా ఉన్నాయి. ముందు తాడు విప్పి, చేత్తో పట్టుకుని, దూలం ముందు కొసను మాత్రం నీళ్లలోకి దించి చూపిస్తే చాలు కదా. తేలుతుంది. తాత చూస్తాడు. మళ్లీ పైకి లాగి కట్టేయొచ్చు. (నీళ్లలోంచి మూడొందల కిలోల కట్టెను ఒంటి చేత్తో ఎలా పైకి లాగుతానో ఆలోచించలేదు. అందుకే ఆ సబ్జెక్టు తప్పాను.)

ముడి విప్పాను. ఆ ముడి ఎంత బాగా వేశాడంటే, విప్పడానికి పళ్లు కూడా వాడవలసి వచ్చింది. ఈ వివరం చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. గడను దూలం కిందికి దూర్చి ఎగదోస్తే ముందు కొస పక్కకు జరిగి, అంచు దాటి, నీళ్లలోకి జారింది. "ఏయ్, ఏం జేస్తున్నవ్?" అని తాత అరిచాడు. నేను తిరిగి చూడలేదు. దూలం నీళ్లలో పడగానే ఒక విచిత్రం జరిగింది. చేతిలో తాడు తేలికైపోయింది. అంతటి బరువు నీళ్లలో చిన్న మూటంత అయింది. తేలుతోంది! నా ఒళ్లంతా పొంగింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి తాత గొంతు చించుకుని అరిచాడు.

"తేలూ! తేలూ!"

ఎంత మంచివాడు, ఓడిపోయినా పెద్దమనసుతో ఒప్పుకుంటున్నాడు అనుకున్నాను. "నేను చెప్పలేదా తాతా!" అన్నాను నవ్వుతూ.

"తేలురా! తేలు! చెయ్యి జూడు, చెయ్యి!"

చెయ్యి చూశాను. ఏళ్ల తరబడి ఆ దూలం పగుళ్లలో కాపురం ఉండి, వరదను కూడా అందులోనే దాటిన ఒక నల్లటి తేలు, ఇల్లు మునుగుతుంటే ఇంకే దారీ లేక తాడు వెంట నడిచి నా మణికట్టు దగ్గరికి చేరింది. చూడటం, అది కుట్టడం, నేను తాడు వదిలేయడం ఒక్కసారే జరిగిపోయాయి.

దూలం ముందు కొస రాయిలాగే కిందికి వెళ్లింది. అది అడుగున రెండు బండల సందులో దిగి ఇరుక్కుంది. వెనక కొస ఇంకా తాత కట్టిన రెండో తాడుకే ఉంది. నిలువునా పాతేసిన గుంజకు కట్టినట్టు తెప్ప అక్కడే ఆగిపోయింది. నీళ్లు ఆగవు కదా. తెప్ప గిర్రున తిరిగి ఒక పక్కకు ఒరిగింది, కింద దూలాలు ఒకదాని మీదకు ఒకటి ఎక్కడం మొదలుపెట్టాయి. నేను జారి నీళ్లలో పడ్డాను. ముక్కులోకి, నోట్లోకి, చెవుల్లోకి నది దూరింది. తర్వాత తెలిసిందల్లా, ఎవరో నా జుట్టు పట్టుకుని లాగడం, తాత తన నడుముకున్న కొడవలితో టక్కున ఏదో కోసిన చప్పుడు, తెప్ప ఒక్క కుదుపుతో సరిగ్గా నిలిచి మళ్లీ ప్రవాహంలో పడటం. బోర్లా పడి నీళ్లు కక్కుతుంటే తాత నా వీపు మీద చరుస్తూ ఉన్నాడు. "ఈత వస్తదంటివి గదరా" అని ఒక్క మాట అన్నాడు. తెగిన తాడు ముక్క వైపు ఒకసారి, ఒడ్డున ఉన్న గుండు బండ వైపు ఒకసారి చూసి గడ అందుకున్నాడు.

రేవులో పాతిక మంది ఉన్నారు. నా చెయ్యి అప్పటికే మోచేతి దాకా వాచింది. ముందు నిలబడ్డ పెద్దమ్మ తెప్ప మీదకు చూసింది, పక్కలకు చూసింది, నీళ్లలోకి చూసింది. "నా దూలమేది?" అన్నది. మా నాయన నీళ్లలోకి దిగి నన్ను పట్టుకుంటూ, "ఏమైందిరా?" అని అడిగాడు.

"తాత తాడు కోసిండు" అన్నాను.

మూడే మాటలు. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. తాత కోశాడు, కోసింది తాడే. అప్పుడు ఇంకా మాట్లాడదామనే అనుకున్నాను, నమ్మండి. నోరు తెరిచే ఉంది. కానీ ఆ మూడు మాటలు విన్న వెంటనే పాతిక ముఖాలు నా మీద నుంచి తాత మీదకు తిరిగాయి. నా మీద నుంచి అంత బరువు ఒక్కసారిగా దిగిపోతే, మిగతాది చెప్పి దాన్ని మళ్లీ ఎత్తుకోవడానికి మనసు రాలేదు. నోరు మూసుకున్నాను. చెయ్యి నొప్పి ఎక్కువైనట్టు మూలిగాను కూడా.

"ఎందుకు కోసినవయ్యా?" అని ఎవరో గద్దించారు.

"కోయకపోతె తెప్ప బోర్లపడుతుండె" అన్నాడు తాత.

"దూలం నీళ్లల్లకు ఎట్ల జారింది మరి? కట్టింది నువ్వే గద?"

తాత నన్ను చూశాడు. కోపంగా కాదు. పిల్లవాడు బడిలో పాఠం అప్పజెబుతాడా లేదా అని చూసే చూపు. నేను నా వాచిన చేతిని చూసుకుంటున్నాను. తాత గడను ఒడ్డున ఆనించి, "ఎనక గడ నాది. ఏమైనా నాదే" అన్నాడు.

పెద్దమ్మ ఏడవలేదు. "నీ చేతుల మీదనే నది దాటి కాపురానికొచ్చిన. నీ చేతులకే దూలమిస్తె నీళ్లపాలు జేస్తివి గదయ్యా" అన్నది. కొత్త రవికె గుడ్డను నాలుగు మడతలు పెట్టి పసుపు పొట్లంతో పాటు కొంగున ముడి వేసుకుని వెళ్లిపోయింది.

నన్ను మాత్రం ఊరేగించినంత పని చేశారు. ఒకామె ఉల్లిగడ్డ రుద్దింది, ఇంకొకాయన మంత్రం వేశాడు, మరొకరు మణికట్టు పైన గుడ్డ ఎంత గట్టిగా బిగించారంటే తేలే నయమనిపించింది. గద్వాల దవాఖానకు బైకు మీద తీసుకుపోతుంటే వెనక కూర్చున్నవాడు దారిన పోయేవాళ్లందరికీ చెప్పాడు, "తేలు కుట్టినా తెప్ప ఇడ్సిపెట్టలె!" అని. నిజానికి ఆ రోజు నేను తెప్పతో సహా అన్నీ విడిచిపెట్టాను.

తర్వాత తాతకు ఎవరూ కట్టె ఇవ్వలేదు. ఇంకా ఆరిళ్ల దూలాలు పాత ఊళ్లోనే ఉన్నాయి. వాళ్లు నెలన్నర ఆగి, చుట్టుదారిన ట్రాక్టర్ల మీద తెచ్చుకున్నారు గాని, ఆయన్ని అడగలేదు. పుట్టి కొత్తూరి రేవులో బోర్లించి ఉండేది. పెద్దమ్మ తన నాలుగు గోడల నడుమ టార్పాలిన్ కట్టుకుని చలికాలం గడిపింది. మా ఇంటి నుంచి ఊరి మొదట్లోని చాయ్ హోటల్‌కు పోవాలంటే ఆ గోడ పక్క నుంచే దారి. గోడలో దూలం కోసం వదిలిన గూళ్లు రెండూ ఖాళీగా కనబడేవి. నేను చుట్టూ తిరిగి పోయేవాణ్ని. ఎండలు మొదలవుతుండగా కోడేరు నుంచి ఆమె అన్న వచ్చాడు. ఈసారి ఆమె వాదించలేదు. తలుపు లేని గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టి, దాన్ని రెండుసార్లు సర్ది, ఆటో ఎక్కింది. ఆమె మూట మోసుకొచ్చి ఆటోలో పెట్టింది నేనే. "జర పైలం బిడ్డా. చెయ్యి మంచిగైందా?" అని అడిగింది. మంచిగైందన్నాను. ఆ రోజు నాకు అన్నం సహించలేదని రాస్తే బాగుంటుంది గాని, సహించింది. తిన్నాను. అది ఇంకా సిగ్గుచేటు.

ఆమె పోయిన నెలకు నది అడుగంటింది. మా దగ్గర కృష్ణ వేసవిలో బండలూ మడుగులూ తప్ప ఏమీ కాదు. ఒక రోజు పొద్దున గుండు బండ గురుతు చూసుకుంటూ ఒక్కణ్నే వెళ్లాను. దూలం ఉంది. రెండు బండల సందున, కొస పైకి పెట్టుకుని, నాచు పట్టి, దిగిన చోటే ఉంది. తేలే కట్టె అయితే ఈపాటికి శ్రీశైలం చేరేది. దాని పక్కన బండ మీద తడి తువ్వాలు నెత్తిన వేసుకుని తాత కూర్చుని ఉన్నాడు.

"వచ్చినవా ఇంజినీరు సాబ్. నీళ్లు దిగినప్పటి సంది చూస్తున్న, వస్తవా రావా అని."

దూలం మీది నాచును గోరుతో గీకి చూసి, "చెడిపోలేదు తాతా" అన్నాను.

"నారేపికి నీళ్లు ఏం జేస్తయి. ఆరుగురు గావాలె ఎత్తనీకె. పిలుచుకరాపో."

"ఈడెట్లున్నది అని అడుగుతరు."

"అడుగుతరు" అన్నాడు తాత, అంతే.

నేను ఊళ్లోకి వెళ్లలేదు. వనపర్తి బస్సెక్కాను, అక్కడి నుంచి కోడేరు. పాతిక మంది ముందు చెప్పేకన్నా ఒక్క ఆడమనిషి ముందు చెప్పడం తేలికని లెక్క వేశాను. పెద్దమ్మ అన్న ఇంటి వసారాలో కందులు చెరుగుతోంది. తల దించుకుని మొదటి నుంచీ చెప్పాను. పళ్లతో ముడి విప్పిన సంగతి కూడా చెప్పాను. చేట ఆగిపోయింది.

"తాడు ఇప్పింది?"

"నేను."

"కోసింది?"

"తాత. నేను సావకుండ కోసిండు."

ఆమె చాలాసేపు కందుల్లో రాళ్లు వెతికింది. "పొద్దున లేసి దండం పెట్టుకున్నంక ఆయనను తిట్టుడు నాకు అలవాటైపోయింది. గా తిట్లన్ని ఇప్పుడు ఎవలు వాపస్ తీసుకోవాలె?" అన్నది. నేను కాళ్లు పట్టుకోబోతే చేట అడ్డం పెట్టింది. "నాకు చెప్పుడు సులువు. బస్సెక్కి వస్తివి, చెప్తివి, పోతవు. ఆడ చెప్పు. ఎక్కడ ఆయన పేరు తీసినవో ఆడ్నే నీ పేరు తియ్యి. అప్పుడు దూలం సంగతి మాట్లాడుదాం." అని, "తినిపో" అని రొట్టె పెట్టింది.

కొత్తూరి మొదట్లో ఒక సాయిబు రేకుల కింద హోటల్ పెట్టాడు. మరునాడు పొద్దున చాయ్‌కి వచ్చిన వాళ్లందరి ముందు నిలబడి చెప్పాను. రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. అందరూ నిశ్శబ్దంగా వింటారని, ఎవరో లేచి కొడతారని, నేను పడతానని, అలా ఏదో అనుకున్నాను. "తేలూ తేలూ అంటే, తాత ఒప్పుకున్నడనుకున్న" అన్న దగ్గర మొదటివాడు చాయ్ కక్కాడు. తర్వాత ఎవరూ ఆగలేదు. "మల్ల చెప్పురా, పండ్లతోని ఇప్పినవా?" "తాడు పట్టుకొని నవ్వినవా?" సాయిబు పొయ్యి దగ్గర కూలబడి, "అరె యా అల్లా, జర ఆపుండ్రి, పాలు పొంగుతున్నయ్" అంటూ తనే ఎక్కువ నవ్వాడు. నేను ఏడవడానికి వచ్చాను, ఏడుపు ఎవరికీ కనబడలేదు. నవ్వనిది ఒక్క మా నాయనే. ఆయన గ్లాసు సగంలో పెట్టేసి, లేచి, నన్ను దాటుకుని, తాత గుడిసె వైపు నడిచాడు. అక్కడ ఏం మాట్లాడాడో నాకు తెలియదు. నాతో మాత్రం రెండు వారాలు మాట్లాడలేదు.

ఆరుగురు కాదు, పదిమంది వచ్చారు. దూలాన్ని ఎలా పైకి లేపాలో నేను చెప్పబోతే, "నువ్వు ఏం చెప్పకు. మొయ్యి" అన్నారు. మోశాను. భుజం చెక్కుకుపోయింది. పెద్దమ్మ అన్నతో కలిసి వచ్చింది. ముళ్లకంప తనే తీసింది. దూలానికి పసుపు రాసి, గుడ్డ కట్టమని తాత చేతికిచ్చింది.

"కోపమొచ్చిందా అయ్యా నా మీద?"

"కోపమెందుకమ్మా. తిట్టినా ఒడ్డు మీది నుంచే గద తిట్టినవు, నాకు ఇనపడలె" అన్నాడు తాత. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు, నా తల దూలం కింద ఉంది.

కథ ఇక్కడితో సుఖంగా ముగిసిందని చెప్పలేను. పెద్దమ్మకు ఇల్లు వచ్చింది, చాలా ఏళ్లు తన తలుపు తనే తీసింది. కానీ కల్వర్టు కట్టేశారు, రోడ్డు బాగైంది, తెప్ప కట్టే పని మళ్లీ ఎవరికీ రాలేదు. యాభై ఏళ్లు నది మీద బతికిన మనిషి చివరి పని ఆ తొమ్మిదో తెప్పే అయింది. నేను నిజం చెప్పేలోగా ఆయన పని చేయగలిగిన ఆ కొన్ని నెలలు వెళ్లిపోయాయి. వాటిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు, నేనైతే అసలే ఇవ్వలేను. ఆయన ఉన్నన్నాళ్లూ క్షమించమని అడగబోతే ఏదో ఒక పని చెప్పి పంపేవాడు. చివరి సంవత్సరం నాకు ఈత నేర్పాడు. ఇప్పటికీ బాగా రాదు.

తర్వాత ఆ రెండు సబ్జెక్టులూ పాసయ్యాను. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఇళ్లు కట్టించే ఒక మేస్త్రీ దగ్గర సూపర్‌వైజర్‌ని. పనిలో ఏదైనా తేడా వస్తే నన్ను అడగడానికి అందరూ భయపడతారు. కోపిష్టినని కాదు, ఏదడిగినా మొదటి నుంచి చెబుతానని. మొన్న వంటింట్లో పచ్చడి జాడీ పగిలింది. బయట నుంచి మా ఆవిడ, "ఎవరు పగలగొట్టిర్రు?" అని అడిగింది. పిల్లి దూకింది అంటే సరిపోయేది, పిల్లి దూకిన మాట నిజమే. "పొద్దున నేను కిటికీ తీసిన," అని మొదలుపెట్టాను.

"అయ్యో, మళ్ల సురువైంది! ఒక్క మాటల చెప్పరాదా?"

"రాదు" అన్నాను. "తీసి, గాలి వస్తదని జాడీని అంచుకు జరిపిన..."

ఆమె చీపురు తెచ్చి ఊడవడం మొదలుపెట్టింది. నేను చెబుతూనే ఉన్నాను.